ఎవరి కరెంటు వారిది

కారు తాళంచెవి ఒక్కసారిగా చచ్చిపోదు. ముందు దూరం తగ్గించుకుంటుంది. కొత్తలో రోడ్డుకి ఆ పక్క నుంచి నొక్కినా కారు లైట్లు వెలిగించి పలికేది. కొన్నాళ్ళకి రోడ్డు దాటి రమ్మంటుంది, తరవాత డోరు దాకా రమ్మంటుంది. ఆఖరికి అద్దానికి ఆనించి నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఈ మధ్యదశలో మనుషులు చేసే విన్యాసాలు చూడాలంటే సంక్రాంతి రోజుల్లో కంచికచర్ల సెంటర్లో కాసేపు నిలబడితే చాలు. హైదరాబాదు నుంచి దిగిన కార్లన్నీ అక్కడే ఉంటాయి. చెయ్యెత్తి నొక్కేవాళ్ళు, చెయ్యి చాపి నొక్కేవాళ్ళు, గట్టిగా నొక్కితే గట్టిగా వినపడుతుందనుకునేవాళ్ళు. ఒకతను తాళంచెవి గడ్డం కింద పెట్టుకుని నొక్కుతుంటే, టీ తాగుతున్న పెద్దాయన ఒకరు "పాపం, పంటినొప్పి కాబోలు" అన్నారు. నిజానికి ఆ గుంపులో శాస్త్రం తెలిసినవాడు అతనొక్కడే. మన తలలో ఎక్కువ భాగం నీరే. రిమోట్‌ని తలకి ఆనిస్తే ఆ నీరు యాంటెన్నాకి తోడు పడి, తరంగం మరికొంచెం దూరం పోతుంది. తల ఇలాగైనా అక్కరకొస్తోంది కదా అనుకోవాలి.

మా ఊళ్ళో సెల్లు మార్చే పని కారు మెకానిక్కుది కాదు, వాచీలు బాగుచేసే అతనిది. అద్దాల బల్ల, దాని వెనక స్టూలు, కంటికి బిగించుకునే భూతద్దం. సరంజామా అంతా పాతదే, గిరాకీ ఒక్కటే మారింది. వాళ్ళ నాన్నగారి హయాంలో ఆ బల్ల మీదికి వచ్చినవన్నీ హెచ్ఎంటీ వాచీలే. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగుళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ ఒక తరం పెళ్ళికొడుకులకి వాచీ కట్టింది. 2016లో దాన్ని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. జనతా, పైలట్ వాచీలకి సెల్లు అక్కర్లేదు. పొద్దున లేవగానే వేళ్ళతో కీ ఇచ్చుకోవాలి, ఇవ్వడం మరిచిపోతే టైము ఆగిపోతుంది. టైము ఎవరికి కావాలో వాళ్ళే దానికి బలం పొయ్యాలన్నది అప్పటి ఒప్పందం. ఈ ఒప్పందం సంగతి మళ్ళీ ఎత్తుతాను.

ఇప్పుడతను తాళంచెవి చేతిలోకి తీసుకుని ముందు అడిగేది కారు పేరు కాదు, సెల్లు నంబరు. ఎక్కువగా వచ్చేది సీఆర్ 2032. ఆ అంకెల్లో రహస్యమేమీ లేదు. లిథియం, మాంగనీసు డయాక్సైడు కలిపి చేసిన సెల్లుకి 'సి', గుండ్రంగా ఉంటుంది కనక 'ఆర్', 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. అంతే. దాని తమ్ముడు 2025. వెడల్పు అదే, వోల్టులు అవే మూడు, మందం మాత్రం 0.7 మిల్లీమీటరు తక్కువ. 2032 దొరకని పూట 2025 పెట్టి, సందులో సిగరెట్టు పెట్టె మీది రేకు మడిచి దూర్చే మేధావులు మనలో లేకపోలేదు. మూడు గతుకులు దాటేసరికి రేకు జరుగుతుంది. అప్పుడు తప్పు కారు మీదకి, ఇంకా ఓపికుంటే కారు కొనిపించిన బావమరిది మీదకి పోతుంది.

మార్చడం పెద్ద విద్య కాదు. పక్కనున్న చిన్న మీట నొక్కితే లోపలి నుంచి ఇనప తాళంచెవి ఒకటి బయటికొస్తుంది. అది ఉన్న సందులోనో, అంచునున్న గాడిలోనో పల్చటి స్క్రూడ్రైవరుకి గుడ్డ చుట్టి మెల్లగా తిప్పితే రెండు చిప్పలూ విడిపోతాయి. పాత సెల్లు తీసే ముందు ప్లస్ గుర్తు పైకి ఉందో కిందికి ఉందో చూసుకోవాలి. అందరూ మరిచిపోయేది ఇక్కడే. కొత్త సెల్లుని అంచు పట్టుకుని పెట్టాలి. వేళ్ళ జిడ్డు అంటితే పొడిగుడ్డతో తుడవాలి. లోహపు పటకారుతో రెండు ముఖాలూ కలిపి పట్టుకుంటే అక్కడికక్కడే షార్టయి కొత్త సెల్లు కొంత ఖర్చయిపోతుంది. మా షాపతను పెట్టే ముందు ప్రతి సెల్లునీ మీటరు మీద చూస్తాడు. కొత్తదైతే మూడు వోల్టులో, ఒక పిసరు పైనో చూపించాలి. ఈ రకం సెల్లుకి ఒక గుణం ఉంది. బతికినన్నాళ్ళూ దాదాపు ఒకటే వోల్టేజీ చూపిస్తుంది, చివరికొచ్చాక గబగబా జారిపోతుంది. మా నాన్నగారి తరం మనుషులు కొందరు ఇలాగే వెళ్ళిపోయారు, నిన్నటి దాకా పొలం వెళ్ళి.

అందరికీ ఉండే భయం ఒకటుంది. సెల్లు తీస్తే కోడు పోతుందేమో, మళ్ళీ విజయవాడ వెళ్ళి షోరూములో ప్రోగ్రామ్ చేయించుకోవాలేమో అని. మామూలుగా పోదు. కోడు ఉండేది కరెంటు లేకపోయినా చెరగని మెమరీలో. ఏ కొద్ది మోడళ్ళకో కారుతో మళ్ళీ పరిచయం చెయ్యాల్సి వస్తుంది, అదెలాగో కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. మనం కారు కొన్నరోజున కొబ్బరికాయతో పాటు దాచి, మళ్ళీ తెరవని పుస్తకం అది.

ఆ కోడు కథ మాత్రం తీరిగ్గా చెప్పుకోదగ్గది. 1982లో ఫ్రాన్సులో రెనో కంపెనీ ఫ్యూగో అనే కారుకి దూరం నుంచి తెరిచే తాళం పెట్టినప్పటి నుంచీ ఇదొక వేడుక. కానీ తొలినాటి రిమోట్లు ఎప్పుడూ ఒకే మాట చెప్పేవి. పక్కనుండి ఆ మాట విని దాచుకున్నవాడు మర్నాడు అదే పలికితే తలుపు తెరుచుకునేది. దానికి విరుగుడుగా వచ్చిన పద్ధతుల్లో పేరు పడ్డది కీలాక్. దక్షిణాఫ్రికాలో పుట్టింది, 1995లో అమెరికాలోని మైక్రోచిప్ కంపెనీ కోటి డాలర్లకి కొనుక్కుంది. నొక్కిన ప్రతిసారీ కొత్త మాట పుడుతుంది, ఒకసారి విన్న మాటని కారు మళ్ళీ ఒప్పుకోదు. మరి మనవడు మంచం మీద కూర్చుని ఊరికే బటను నొక్కుతూ పోతే? కారుకి వినపడకుండానే తాళంచెవి లెక్క ముందుకి పోతుంది. అందుకే కారు కొంత వెసులుబాటు పెట్టుకుంటుంది. కీలాక్‌లో లెక్క పదహారు దాకా ముందుకి జరిగినా ఏమీ అనదు. అంతకు మించితే వరసగా రెండుసార్లు నొక్కమంటుంది, రెండూ వరస కలిస్తే సరేనంటుంది. మనవడి అల్లరిని ముందే ఊహించి లెక్కలో చోటు పెట్టిన ఆ ఇంజినీరుకి తప్పకుండా పిల్లలుండి ఉంటారు.

మా చిన్నప్పుడు మెట్ట ఊళ్ళలో ఇంటికి తాళంకప్ప వేసి, తాళంచెవి చూరులో దోపేవాళ్ళు. ఏ ఇంటి చూరులో ఎక్కడ దోపుతారో వాడకంతా తెలుసు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి తెరుచుకునేది, నువ్వెవరని అడిగేది కాదు. కాపలా కాసింది ఇనుము కాదు, వీధి అరుగు మీద కూర్చున్న నాయనమ్మలు. ఇప్పుడు అరుగులూ లేవు, నాయనమ్మలు హైదరాబాదు ఫ్లాట్లలో ఉన్నారు. నువ్వెవరని అడిగే పని తాళంచెవి నెత్తిన పడింది. అడగాలన్నా జవాబు చెప్పాలన్నా కరెంటు కావాలి. సెల్లు వచ్చింది అందుకే.

అయితే ఆ సెల్లు కారుని నడపడానికి కాదు. ఇది చాలామందికి తెలియదు, తెలిస్తే సగం కంగారు పోతుంది. డోర్లు తీసే బటనుకి సెల్లు కావాలి, నిజమే. ఇంజను స్టార్టు కానిచ్చే చిప్పు వేరే ఉంటుంది. దొంగతనాల బాధ పడలేక ఐరోపా దేశాలు 1998 నుంచి కొత్త కార్లకి దాన్ని తప్పనిసరి చేశాయి. ఆ చిప్పుకి సెల్లుతో పనిలేదు. తాళంచెవి తిప్పే గాడి చుట్టూనో, స్టార్టు బటను వెనకనో ఒక తీగచుట్ట ఉంటుంది. కారు తన బ్యాటరీ నుంచి దానికి కరెంటు పంపిస్తుంది. దగ్గరికొచ్చిన చిప్పు ఆ అయస్కాంత క్షేత్రం నుంచే కాస్త శక్తి తీసుకుని మేలుకుంటుంది, తన పేరు చెబుతుంది. సెల్లు పూర్తిగా చచ్చినా లోపలి ఇనప తాళంచెవితో తలుపు తీసి, రిమోట్‌ని స్టార్టు బటనుకి ఆనించి నొక్కితే చాలా కార్లు లేస్తాయి.

అంటే మూడు వోల్టుల ఆ సెల్లు మనకి కొనిపెడుతున్నది దూరం మాత్రమే. నాలుగడుగులు వెయ్యకుండా, సంచీ కింద పెట్టకుండా, నిలబడ్డ చోటు నుంచే పని జరిపించుకునే సుఖం. ఆ సుఖం మనకి కావాలి కాబట్టి ఖర్చు మన జేబులో ఉంది. ఎవరో మన బండిని ఎత్తుకుపోకూడదన్న జాగ్రత్త కారుకి కావాలి, దాని ఖర్చు కారు భరిస్తోంది. హెచ్ఎంటీ వాచీ ఒప్పందమే ఇది. ఎవరికి అవసరమో వాళ్ళే కరెంటు పెట్టుకోవాలి.

ఇది నాకు తట్టింది కీసర టోల్‌గేటు దగ్గర. హైదరాబాదు పక్కన గుట్టున్న కీసర కాదు, నందిగామ దారిలో మున్నేరు ఒడ్డున ఉన్న మా కీసర. అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో సెల్లు ఉండదు. మీకెప్పుడైనా ఫాస్టాగ్‌కి బ్యాటరీ మార్చాల్సి వచ్చిందా? రాదు. గేటు మీది యంత్రం 865 మెగాహెర్ట్జ్ పైచిలుకు తరంగాలు కుమ్మరిస్తుంది. స్టిక్కరులోని చిప్పు అందులోంచే బలం తీసుకుని, ఆ తరంగాన్నే కాస్త మార్చి తిప్పి పంపిస్తుంది. కారు మాది, స్టిక్కరు మాది, డబ్బులు మావి. కరెంటు మాత్రం వాళ్ళది. తీసుకునేది వాళ్ళు కదా మరి! 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేసినప్పుడు దానికొక సెల్లు పెట్టి, చచ్చినప్పుడల్లా మార్చుకోమని ఉంటే ఏం జరిగేదో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. మున్నేరు వంతెన మీద కార్లన్నీ "సెల్లు అయిపోయిందండీ" అంటూ ఆగేవి.

ఈ సూత్రాన్ని గూఢచారులు ఎప్పుడో పట్టుకున్నారు. 1945లో సోవియట్ బడిపిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారికి చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్ర బహూకరించారు. ఆయన దాన్ని ఇంట్లో గోడకి తగిలించుకున్నాడు. లోపల ఒక చెవి ఉంది. సెల్లు లేదు, తీగ లేదు. బయట నుంచి రష్యావాళ్ళు రేడియో తరంగం పంపినప్పుడే అది మేలుకుని గదిలో మాటలు చేరవేసేది, ఆపేస్తే వట్టి చెక్క. తయారు చేసినవాడు లియోన్ తెర్మెన్, చేతితో తాకకుండా వాయించే వాద్యాన్ని కనిపెట్టిన మనిషే. ఏడేళ్ళపాటు, 1952 దాకా అది ఎవరికీ దొరకలేదు. వినాలన్న ఆత్రం బయటివాళ్ళది, కరెంటు వాళ్ళే పెట్టుకున్నారు. గోడ మీది బొమ్మకి అరిగిపోయేదేమీ లేదు.

మనకి అంత దూరం పోనక్కర్లేదు. మిస్డ్ కాల్ గుర్తుందా? 2003 మే దాకా సెల్‌ఫోనుకి వచ్చిన ఫోనుకి కూడా డబ్బులు కట్టేవాళ్ళం. ఆ తరవాత చేసినవాడిదే ఖర్చయింది. ఇక చూడండి, విజయవాడ హాస్టళ్ళ నుంచి పిల్లలు ఒక్క రింగిచ్చి పెట్టేసేవాళ్ళు. ఇక్కడ పత్తిచేలో ఉన్న తండ్రి, చేతులు పంచెకి తుడుచుకుని తిరిగి చేసేవాడు. "ఏరా నాన్నా, అన్నం తిన్నావా?" అవసరం ఎవరిదో ఇద్దరికీ తెలుసు. రేట్లు పడిపోయి, మాటలు ఉచితమయ్యాక ఆ లెక్క కనపడకుండా పోయింది గానీ, ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా ఫోను ముందు ఎవరు చేస్తున్నారో చూస్తే తేలిపోతుంది.

తాళంచెవుల్లో కొత్తరకం ఈ ఒప్పందాన్ని కాస్త చెడగొట్టింది. జేబులోంచి తియ్యకుండానే, దగ్గరికెళ్ళి డోరు పిడి తాకితే తెరుచుకునే స్మార్ట్ కీలున్నాయి చూడండి, అవి కారు ఎప్పుడు పిలుస్తుందా అని ఇరవైనాలుగు గంటలూ చెవి రిక్కించి ఉంటాయి. మన ఊళ్ళలో కారు వసారా ముందు పెట్టి, తాళంచెవి వీధి తలుపు పక్కన మేకుకి తగిలిస్తాం. రెండింటి మధ్యా గోడ ఒక్కటే అడ్డం. కొన్ని మోడళ్ళు రాత్రంతా ఒకదాన్నొకటి పలకరించుకుంటూనే ఉంటాయి. మామూలు రిమోట్‌లో రెండు మూడేళ్ళొచ్చే సెల్లు వీటిలో ఏడాదికే చేతులెత్తేస్తుందంటే ఆశ్చర్యమేముంది? మేకుని లోపలి గదిలోకి మార్చుకుంటే సెల్లుకీ మంచిది, దొంగల భయానికీ మంచిది. ఆ మాటామంతీని యంత్రాలతో పొడిగించి, ఇంట్లో ఉన్న తాళంచెవి బయట కారు పక్కనే ఉన్నట్టు నమ్మించి బండి తోలుకుపోయే దొంగలు పై దేశాల్లో తయారయ్యారు. దూరం మనకొక్కళ్ళకే పనికిరావాలని ఎక్కడా రాసిపెట్టి లేదు.

ఆ ఇనప తాళంచెవిని మాత్రం తక్కువగా చూడకండి. 2023 జూలై ఆఖర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగి, హైదరాబాదు–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. మరుసటేడు సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళనీ కార్లనీ ముంచేసింది. నీళ్ళు తాగిన కారుకి దాని సొంత బ్యాటరీయే ఉండదు. మీ రిమోట్‌లో ఆ పొద్దునే కొత్త సెల్లు వేసినా వినేవాడు లేడు. అప్పుడు తలుపు తీసేది ఆ ఇనప ముక్కే. ఇంత ఎలక్ట్రానిక్స్ చేసినవాళ్ళు దాని పొట్టలోనే ఇనప తాళంచెవిని దాచారంటే, తమ తెలివి మీద తమకి ఎంత నమ్మకమో తెలుస్తుంది. నాకు ఆ అపనమ్మకం చాలా నచ్చింది. అయితే దాన్ని దూర్చే కన్నం ఎక్కడుందో ముందే చూసుకోండి. కొన్ని కార్లకి డోరు పిడి మీద ప్లాస్టిక్ మూత కింద దాక్కుని ఉంటుంది. వానలో వెతకడం కష్టం.

రెండో తాళంచెవి మాటేమిటి? బీరువాలో పట్టుచీరల కింద పడుకుని ఉంటుంది. వాడకపోయినా స్మార్ట్ కీ అయితే దాని చెవి అది రిక్కించుకునే ఉంటుంది. మొదటిది పోయిన రోజున బీరువా తీస్తే అది అంతకుముందే పోయి ఉంటుంది. నలభయ్యో యాభయ్యో రూపాయల పని, రెండింటికీ ఒకేసారి చేయించుకోవచ్చు.

ఇక తీసేసిన పాత సెల్లు. రిమోట్‌ని నడపలేనంత నీరసపడ్డా దాన్లో ఇంకా కరెంటు ఉంటుంది. పసిపిల్లలు మింగితే, అన్నవాహికలో ఇరుక్కుంటే, ఆ తడిలో కరెంటు పారి క్షారం పుట్టి రెండు గంటల్లోనే లోపల కాలుస్తుంది. ఎక్స్‌రేలో రూపాయి బిళ్ళలా కనపడి మోసం చేస్తుంది. అంచు చుట్టూ రెండో వలయం కనపడితే డాక్టరు గుర్తు పడతారు. ఇలా మింగి చనిపోయిన పద్దెనిమిది నెలల పాప పేరు మీద అమెరికాలో 2022లో చట్టమే వచ్చింది, రీస్ చట్టం. పిల్లలు తెరవలేని మూత ఉండాలంటుంది. మింగినట్టు అనుమానమొచ్చినా సరే, వాంతి చేయించాలని చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇక్కడికి దగ్గర్లోనే గుడిమెట్ల ఉంది. తొలకరి పడ్డాక జనం వజ్రాల కోసం గుట్టల్లో నేల మీదే కళ్ళు పెట్టి తిరుగుతారు. మెరిసేదేదైనా వంగి తీసే అలవాటు ఈ ప్రాంతపు పిల్లలకి పెద్దల నుంచే వచ్చింది. వాకిట్లో విసిరేసిన సెల్లు బాగా మెరుస్తుంది.

ఎవరికి అవసరమో వాళ్ళే కరెంటు పెట్టుకోవాలన్న నా సూత్రం ఇక్కడికొచ్చి ఆగిపోయింది. చచ్చిన సెల్లు ఎవరికీ అవసరం లేదు. అందుకే కేంద్రం 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నియమాలు తెచ్చి, అమ్మిన కంపెనీలే వాటిని వెనక్కి సేకరించాలని రాసింది. మా షాపతను రెండువైపులా టేపు అంటించి, పాత హార్లిక్స్ సీసాలో వేస్తున్నాడు. సీసా మెడ దాకా వచ్చింది.

"ఇది నిండాక ఎవరికి ఇస్తావయ్యా?" అన్నాను.

"ఎవరో వస్తారంట కదండీ మాస్టారూ. వచ్చేదాకా ఇంకో సీసా చూసి పెట్టాను."